నీటికి దారి

గుత్తి కోట ఎక్కేవాళ్ళు తెల్లవారకముందే బయల్దేరాలి. ఏప్రిల్‌లో పొద్దు బారెడు ఎక్కిందంటే అక్కడి రాయి మీద కాలు నిలవదు. మేం మొదటి వాకిలి దాటేసరికి తూర్పు ఇంకా ఎర్రబడలేదు. నా దగ్గర పని నేర్చుకుంటున్న హిందూపురం అమ్మాయి నాతో ఉంది. ఆమె సంచిలో టేపు, తాడు, గోడ నిటారు చూసే గుండు, అట్టకు బిగించిన గళ్ళ కాగితం. నా సంచిలో నీళ్ళ సీసాలు.

పాత ఊళ్ళను కాపాడే పనిలో నాకు ముప్పయ్యేళ్ళు నిండాయి. కన్సర్వేషన్ ఆర్కిటెక్ట్ అంటే ఏం చేస్తారని అడిగినవాళ్ళకు చాలాకాలం “పాత కట్టడాలకు వైద్యం” అని చెప్పేదాన్ని. తప్పు కాదు గానీ ఆ మాట సగమే. మిగతా సగం నాకు తెలిసింది ఈ అనంతపురం మెట్ట మీద. అందుకే ఆమెకు ముందు ఈ దారి చూపించాలనుకున్నాను: గుత్తి, తాడిపత్రి, అనంతపురం, పెనుకొండ, లేపాక్షి. ఐదు ఊళ్ళు, నాలుగు రోజులు.

నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. బంగాళాఖాతం వానలు ఇంత దూరం వచ్చేసరికి చిక్కిపోతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వాన ఈ నేలది. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని చిన్నప్పుడు బడిలో చదివాం. ఆ వాక్యం పరీక్షలో రాసినప్పుడు, ఈ నేల మీద కోటలు, రాజధానులు, అంతంత గుళ్ళు ఎలా లేచాయన్న ప్రశ్న రాలేదు. కొండ ఎక్కుతుంటే వస్తుంది.

గుత్తి కొండ బండరాయి. వాన పడితే ఇంకదు, జారిపోతుంది. ఆ జారే నీటిని ఆపడానికే ఇక్కడ సగం పని జరిగింది. మెట్ల పక్కన రాతిలో తొలిచిన చిన్న కాలువలు, వాటి చివర దొనలు, దొనల కింద బావులు. కోటలో నూట ఎనిమిది బావులుండేవని ఊళ్ళో చెబుతారు. ఒకదాని లోపల ఒకటిగా పదిహేను కోటలు, పదిహేను వాకిళ్ళు అంటారు. ఆ గోడలన్నీ చూసి అమ్మాయి అడిగింది: “ముందు ఏది కొలవాలి మేడమ్?”

“నీళ్ళు ఎక్కడ పడి ఎక్కడికి పోతున్నాయో గీయమ్మా. గోడలు తర్వాత.”

కొండ అంచున మురారి రావు కూర్చునేవాడని చెప్పే చిన్న మంటపం ఉంది. సున్నపు గచ్చు ఇప్పటికీ అరచేతికి నున్నగా తగులుతుంది. అక్కడ నిలబడితే గుత్తి ఊరు, రైలు పట్టాలు, చెనిక్కాయల చేలు, వాటి వెనక ఎండిన వాగులు ఒక్క చూపులో కనిపిస్తాయి. మరాఠా నాయకుడు మురారి రావు ఘోర్పడే ఈ కొండ మీద నుంచే ఈ చుట్టుపక్కల సీమలను ఏలాడు. 1776లో హైదర్ అలీ ముట్టడి నెలల తరబడి సాగింది. ఈ గోడను ఎవరూ బద్దలు కొట్టలేదు. దొనల్లో నీళ్ళు అడుగంటాయి. మురారి రావు లొంగిపోయాడు, కబ్బాలదుర్గంలో బందీగా చనిపోయాడు. నేను చూసిన కోటల్లో నీటి లెక్క తప్పితే రాతి లెక్క ఎందుకూ కొరగాదని ఇంత సూటిగా చెప్పే చోటు మరొకటి లేదు.

దిగి వస్తూ కొండ కింద తెల్లవాళ్ళ సమాధుల దగ్గర కాసేపు కూర్చున్నాం. దత్త మండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. తెచ్చి ఇక్కడ పాతిపెట్టారు. 1831లో ఆ ఎముకలను మద్రాసు సెయింట్ మేరీ చర్చికి తరలించారు. కరువు సీమ తిరిగి తిరిగి, చివరికి నీళ్ళ జబ్బుతోనే పోయిన మనిషి.

*

గుత్తి నుంచి తాడిపత్రికి పోయే దారిలో ఊరు ఇంకా రాకముందే రాయి వస్తుంది. రోడ్డుకు రెండు పక్కలా నిలబెట్టిన నాపబండలు, పాలిష్ మిషన్ల రొద, చెట్ల ఆకుల మీద బూడిదరంగు దుమ్ము. ఊరి అంచున పెన్న. వంతెన మీద నుంచి చూస్తే కనుచూపు మేర ఇసుకే. ఆ ఇసుక ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం. గర్భగుడిలో ఊరే నీటి ఊట వల్ల ఆ పేరు. పదిహేనో శతాబ్దం చివర, పదహారో శతాబ్దం మొదట పెమ్మసాని నాయకుల కాలంలో లేచిన గుడి. ఊరి నడుమ ఉన్న చింతల వెంకటరమణస్వామి గుడీ వాళ్ళదే. బుగ్గ గుడికి రెండు గోపురాలు మొదలుపెట్టి పైదాకా కట్టకుండా వదిలేశారు. కట్టినంత మేర మాత్రం రాయి ఎక్కడా ఖాళీగా లేదు. హంసలు, తీగలు, దేవతలు, ఆ దేవతల మెడలో పూసలు, పూసల మధ్య దారం. భారతీయ వాస్తు చరిత్ర రాసిన జేమ్స్ ఫెర్గూసన్ పంతొమ్మిదో శతాబ్దంలోనే ఈ గోపురాలను తన గ్రంథంలో ఎంతో మెచ్చుకున్నాడు.

అమ్మాయి శిల్పాల ముందు నిలబడిపోయింది. నేను గోడ అడుగున నేలకు అంటుకున్న వరసలో చేయి పెట్టాను. అరిగిన చెప్పులు చూసి మనిషి నడక చెప్పినట్టు, కట్టడం పాదం చూస్తే దాని జబ్బు తెలుస్తుంది.

వృత్తిలోకి వచ్చిన మూడో ఏట నేను చేసిన తప్పు నాకు ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది. ఒక చిన్న ఊరి పాత సత్రం. రాళ్ళ సందుల్లో సున్నం రాలిపోయింది. డబ్బు తక్కువ, వాన ముంచుకొస్తోంది, సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకలేదు. “సిమెంటు పూసేద్దామమ్మా, గట్టిగా ఉంటుంది” అన్నారు. సరేనన్నాను. రెండేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే సిమెంటు చెక్కుచెదరలేదు. పక్కనున్న రాయి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది.

నేల తడి గోడలోకి ఎక్కుతుంది. అది ఎక్కడో ఒకచోట బయటికి రావాలి. సున్నం మెత్తన, అందులో సన్నని రంధ్రాలుంటాయి. తడి సున్నం గుండా ఆవిరైపోతుంది, ఉప్పు సున్నంలోనే మిగులుతుంది. ఏళ్ళు గడిచి సున్నం రాలితే మళ్ళీ పూస్తారు. రాయి కోసం తాను అరిగిపోవడమే సున్నం ధర్మం. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. అప్పుడు తడి రాతిలో నుంచి వస్తుంది, ఉప్పు రాతి లోపల గడ్డకట్టి పైపొరను తోసేస్తుంది. గుత్తిలో నీళ్ళు లేక చచ్చిన కోటను చూశాం. ఇక్కడ నీటికి దారి లేక చచ్చే రాయిని చూపించాను.

డంగు సున్నం తయారీ ఆమె ఇంకా చూడలేదు, అందుకే దారిలో చెప్పాను. గుండ్రటి రాతి తొట్టి, అందులో నిలువుగా తిరిగే రాతి చక్రం, దాన్ని తిప్పే ఎద్దు. వారాల తరబడి నీళ్ళలో నానిన సున్నం, ఇసుక, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు. వేలితో తీస్తే వెన్నలా సాగేదాకా రుబ్బాలి. ఎప్పుడు ఆపాలో పుస్తకంలో ఉండదు, మేస్త్రీ వేళ్ళకు తెలుస్తుంది. ఒక మేస్త్రీ పోతే ఆ వేళ్ళు పోతాయి. మా వృత్తిలో ఎన్ని గోడలు నిలబెట్టామని లెక్క రాస్తారు. ఎంతమంది మేస్త్రీలకు పని నిలిచిందన్న లెక్క కూడా రాయాలి.

చింతల వెంకటరమణస్వామి గుడి పక్క సందులో టీ తాగుతుంటే మా టేపు చూసి ఒక పెద్దాయన దగ్గరికొచ్చాడు. సర్వేకు వచ్చామనుకున్నాడు.

“వంద మీటర్లని మా ఇంటి మీద గీత గీసినారమ్మా. మా మిద్దె కారతాండాది. కొత్తది కట్టుకోనీకి లేదు, పాతది బాగుచేసేటోళ్ళు లేరు. గుడికి కాపలా ఉండాది. మాకెవరుండారు?”

1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్రం రక్షించే కట్టడం చుట్టూ వంద మీటర్లలో కొత్త కట్టుబడి కూడదు, ఆపైన రెండు వందల మీటర్లలో అనుమతి కావాలి. మరమ్మతు చేసుకోవచ్చు, దానికీ అర్జీ పెట్టుకోవాలి. ఆ గీత లేకపోతే ఈ గోపురం పక్కన ఏం లేచేదో నాకు తెలుసు. ఆ గీతను నేను సమర్థిస్తాను. అయినా పెద్దాయన ప్రశ్నకు అది జవాబు కాదు.

ఆయన ఇల్లు చూపించమన్నాను. మట్టి మిద్దె. కొయ్య దూలాలు, వాటి మీద బండలు, ఆపైన మట్టి, అన్నిటికంటే పైన చౌడు. ఈ సీమలో చేలను పాడుచేసే చౌడు మట్టే ఇంటి కప్పును కాపాడుతుంది. తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా తొలకరికి ముందు కొత్త చౌడు తెచ్చి పరిచి, నీళ్ళు దోనె వైపు పోయేలా వాలు సరిచేసేవాళ్ళు. “ఇప్పుడు చౌడు పరిచేటోళ్ళు యాడుండారమ్మా” అన్నాడాయన. అర్జీ ఎలా రాయాలో, ఏ ఫొటోలు జత చేయాలో కాగితం మీద రాసిచ్చి, అమ్మాయి చేత ఆ మిద్దె వాలు కొలిపించాను. గుడి గోపురం కంటే ముందు తాడిపత్రిలో ఆమె గీసిన మొదటి బొమ్మ అది.

*

అనంతపురం పేరే చెరువు నుంచి వచ్చింది. బుక్కరాయల కాలంలో చిక్కప్ప ఒడయరు కట్టించాడని చెప్పే అనంతసాగరం ఒక వైపు, బుక్కరాయసముద్రం మరో వైపు. కట్ట మీద సాయంత్రం నడుస్తుంటే ముసలమ్మ కథ గుర్తు చేసుకోని తెలుగువాళ్ళుండరు. బుక్కరాయసముద్రం కట్ట తెగబోతే, దేవత అడిగిందని ఊరి కోసం నీళ్ళలోకి నడిచిన కోడలు. కట్టమంచి రామలింగారెడ్డి ఆ కథను ‘ముసలమ్మ మరణం’ కావ్యంగా రాశారు. చిన్నప్పుడు అది త్యాగం కథగా చదివాను. ఇప్పుడు చదివితే, వానకు ముందు కట్టను ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న అందులో వినిపిస్తుంది. కట్టను ఏటా చూసుకునే ఏర్పాటు ఉంటే ఒక ఆడపిల్ల ప్రాణం అడగాల్సిన పని దేవతకు రాదు.

ఆ ఏర్పాటు మన దగ్గర ఉండేది. పక్క జిల్లా కడపలో, పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువును చెరిచే ఆరు దోషాలు అందులో చెప్పారు. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని లెక్కా రాశారు. కట్టలోంచి నీరు ఊరడం ఒక దోషం, చౌటి నేల ఒక దోషం, రెండు రాజ్యాల సరిహద్దున కట్టడం మరో దోషం. ఈ చివరిది చదివినప్పుడల్లా ఆ రాసినవాడికి దండం పెట్టాలనిపిస్తుంది. ఇద్దరి మధ్య ఉన్నదాన్ని ఎవరూ బాగుచేయరని అతనికి ఆరున్నర శతాబ్దాల కిందటే తెలుసు.

చెరువు కట్టినవాళ్ళకు, దాన్ని చూసుకునేవాళ్ళకు దశబంధ మాన్యాలుండేవి. తూము తెరిచి ఏ మడికి ఎంత నీరో పంచే నీరుగంటికి పంటలో వాటా ఉండేది. మాన్యాలు పోయాయి, వాటితో పాటు బాధ్యత చెదిరింది. జాన్ మార్షల్ 1923లో పురావస్తు శాఖ కోసం రాసిన సంరక్షణ నియమావళి మా చదువులో మొదటి పాఠం. పాతదాన్ని కొత్తగా చేయొద్దు, ఉన్నదాన్ని నిలబెట్టు అంటుంది. మంచి మాట. పోరుమామిళ్ళ శాసనం కూడా అదే వరసలో మొదటి రోజే చదవాలని నేను పిల్లలకు చెబుతుంటాను. కట్టడం గురించి మార్షల్ చెప్పాడు, కట్టడాన్ని నడిపే ఊరి గురించి భాస్కరుడు చెప్పాడు.

*

పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని పెనుకొండ బస్సెక్కాం. బెంగళూరు హైవే మీద ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ దాటగానే కొండ కనిపిస్తుంది. 2019లో అక్కడి నుంచి కార్లు బయటికి రావడం మొదలైంది. చుట్టుపక్కల పిల్లలకు పని దొరికింది, చేలలో ప్లాట్ల రాళ్ళు లేచాయి. ఊరు మారుతోంది. మారకూడదని ఎవరూ అనలేరు. మారే ముందు ఏం ఉందో రాసిపెట్టుకోవాలి, అంతే.

పెనుకొండ విజయనగరానికి మొదటి నుంచీ ముఖ్యమైన పట్టణం. ఉత్తర వాకిలి దగ్గర 1354 నాటి శాసనం, బుక్కరాయలు తన కొడుకు వీర విరూపణ్ణకు ఈ సీమ అప్పగించి కోట కట్టించిన సంగతి చెబుతుంది. 1565లో తళ్ళికోట యుద్ధంలో సుల్తానుల చేతిలో ఓడాక తిరుమలరాయలు హంపి విడిచి ఇక్కడికి వచ్చాడు. ఆ శతాబ్దం చివరి దశాబ్దం దాకా ఇదే రాజధాని, ఆ తర్వాత చంద్రగిరి. హంపిని చూడడానికి ప్రపంచం వస్తుంది. కూలిన రాజ్యం మళ్ళీ కాళ్ళూనిన ఈ ఊరికి ఆగేవాళ్ళు తక్కువ.

గగన్ మహల్ ముందు నిలబడితే ఆ కాలం మనసు అర్థమవుతుంది. కింద సుల్తానుల కమానులు, పైన గుడి విమానంలా మెట్లుమెట్లుగా లేచిన శిఖరం. తమను ఓడించినవాళ్ళ కమానును ద్వేషించకుండా, తమ ఇంటికి పనికొచ్చేలా మలుచుకున్న మేస్త్రీల పని. అదే ఊళ్ళో పక్కపక్కనే రాముడి గుడి, శివుడి గుడి. పార్శ్వనాథుడి బసది. షేర్ ఖాన్ మసీదు. బాబయ్య దర్గా. చిన్నతనంలో ఈ శిథిలాల మధ్య తిరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు ‘పెనుగొండ లక్ష్మి’ రాశారు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు తాను చిన్నప్పుడు రాసిన ఆ కావ్యమే ఆయనకు పాఠ్యపుస్తకమైంది. ఈ ఊరి గోడలను మొదట కొలిచింది ఆయన కళ్ళు.

టేపుతో, కాగితంతో కొలిచినవాళ్ళ సంగతి కూడా అమ్మాయికి చెప్పాను. మెల్‌బోర్న్‌లో ఆర్కిటెక్చర్ చదివిన జార్జ్ మిషెల్, అమెరికన్ పురావస్తువేత్త జాన్ ఫ్రిట్జ్ 1980లో హంపిలో పని మొదలుపెట్టారు. చలికాలం రాగానే శిబిరం, దేశదేశాల విద్యార్థులు, ఒక్కొక్క గుడి, వాకిలి, తొట్టి, మెట్ల వరస కొలిచి గీయడం. ఇరవై ఏళ్ళకు పైగా అదే పని. వాళ్ళు ఒక్క గుడి బొమ్మ గీసి ఆగలేదు. బండల మధ్య అరిగిన దారులు, కాలువలు, గోడలు కలిపి ఒక నగరాన్ని కాగితం మీదికి తెచ్చారు. గుళ్ళను విడివిడిగా చూసినవాళ్ళకు హంపి శిథిలం. ఆ పటం చూసినవాళ్ళకు అది ఊరు.

ఆ తేడా ఎంత ముఖ్యమో తర్వాత తెలిసింది. ఆనెగొంది దగ్గర తుంగభద్ర మీద మొదలుపెట్టిన వంతెన వల్ల 1999లో యునెస్కో హంపిని ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలో చేర్చింది. 2006లో గానీ తీయలేదు. ఆ మధ్యకాలంలో కన్సర్వేషన్ ఆర్కిటెక్ట్ నళినీ ఠాకూర్ హంపికి సమగ్ర నిర్వహణ ప్రణాళిక తయారుచేశారు. గుళ్ళతో పాటు పల్లెలు, పొలాలు, విజయనగర కాలం నుంచి ఇప్పటికీ మళ్ళకు నీరిచ్చే కాలువలు, అన్నీ కలిపి ఒకే వారసత్వం అన్నది ఆమె వాదం. నా తరం వాళ్ళకు ఆ పని కళ్ళు తెరిపించింది. అయినా 2011లో హంపి బజారు మంటపాల్లో బతుకుతున్న కుటుంబాలను ఖాళీ చేయించారు. కాగితం మీద గెలిచిన మాట వీధిలో ఓడిపోవడం మా వృత్తిలో చాలాసార్లు చూశాం.

దేశం మొత్తం మీద కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాలు 3,600 పైచిలుకు. రాష్ట్రాల జాబితాలు కలిపినా ఇంత పాత దేశానికి అది పిడికెడు. మిగతావాటి కోసం, వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ 2004లో ఒక ప్రకటన తెచ్చింది. ఢిల్లీ ఆర్కిటెక్ట్ ఎ.జి. కృష్ణ మీనన్ దాని రూపకర్త. రక్షణ లేని వారసత్వాన్ని ఎలా చూసుకోవాలి, స్థపతులు, మేస్త్రీల బతికున్న విద్యకు అందులో ఏ చోటు అన్నది దాని సారం. నేను దాన్ని చదివి నాకు తెలిసిన తెలుగు మాటల్లోకి మార్చుకున్నాను: కాపలా లేనిదానికి ఊరే కాపలా.

కానీ ఊరికి ముందు తన దగ్గర ఏముందో తెలియాలి. దానికి మన భాషలో మంచి మాట ఉంది, కైఫియత్తు. సర్వేయరు కాలిన్ మెకంజీ కొలువులో ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఈ సీమలన్నీ తిరిగారు. కరణాల నోట ఊరి పుట్టుక, చెరువు కట్టినవాడి పేరు, గుడి మాన్యం, తెగిన గండి, అన్నీ రాయించారు. బొర్రయ్య 1803లో చాలా చిన్న వయసులో పోయాడు. తమ్ముళ్ళు పని ఆపలేదు. రెండు వందల ఏళ్ళ తర్వాత మనం అనంతపురం సీమ గురించి ఏ మాట చెప్పాలన్నా ఆ కాగితాలు తిప్పాలి. నా వృత్తికి పెద్దలెవరని అడిగితే నేను ముందు వాళ్ళ పేర్లు చెబుతాను.

మధ్యాహ్నం ఎండలో బసవన్న బావి దగ్గరికి వెళ్ళాం. బసవన్న ఆకారంలో మలిచిన వాకిలి గుండా లోపలికి మెట్లు. నీటి దగ్గరికి పోయేవాళ్ళు దేవుడి వాహనం దాటి పోయేలా కట్టారు. ఇది అందరికీ తెలిసిన బావి. అక్కడి నుంచి కొండ వాలు వెంట, నీరు జారే దారి పట్టుకుని నడుస్తుంటే ఒక చేను అంచున మరో దిగుడు బావి కనిపించింది. ఏ జాబితాలోనూ లేదు. మెట్ల రాళ్ళు అలాగే ఉన్నాయి, కపిల తోలిన గాడి రాతి మీద అరిగి ఉంది, అడుగున ముళ్ళకంప, సీసాలు.

అమ్మాయి టేపు తీసింది. మొదటి మెట్టు నుంచి కొలవడం మొదలుపెట్టాం. గంట గడిచేసరికి మేకలు తోలుకొచ్చిన అవ్వ ఒడ్డున కూర్చుని చూస్తోంది.

“ఏం రాస్తాండావు తల్లీ?”

“బావి అవ్వా. ఎంత లోతు, ఎన్ని మెట్లు అని.”

“ఇంకో ఆరు మెట్లుండాయి అడుగున. నా పెండ్లప్పుడు నీళ్ళు ఈడికుండె” అని కర్రతో ఒక రాయి చూపించింది. తర్వాత ఆ బావి పేరు చెప్పింది, ఎవరు తవ్వించారో చెప్పింది, ఏ ఏడుదాకా కపిల తోలారో, ఎప్పుడు ఎండిందో చెప్పింది. అమ్మాయి గీసిన గీతల పక్కన ఆ మాటలన్నీ రాసింది. నీటి మట్టం దగ్గర “అవ్వ పెళ్ళినాటికి” అని రాసి గీత కొట్టింది. అలాంటి గీత ఏ యంత్రమూ గీయదు. నాకు కైఫియత్తు మళ్ళీ మొదలైనట్టు అనిపించింది.

తిరిగి వస్తూ ఆమె అడిగింది, ఇలాంటి బావికి నిజంగా మంచిరోజులు వస్తాయా అని. వస్తాయని చెప్పడానికి నా దగ్గర ఆధారాలున్నాయి. హైదరాబాదులో బన్సీలాల్‌పేట మెట్ల బావి దశాబ్దాల చెత్త కింద ఉండేది. 2022లో చెత్త తీసి, నీళ్ళు తెచ్చి ఊరికిచ్చారు. అదే ఏడాది కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి మెట్ల బావుల పునరుద్ధరణకు, దోమకొండ కోటకు యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారాలు వచ్చాయి. డబ్బు, పట్టుదల ఒకచోట కలిసిన పనులవి. వాటి వెనక ఎవరో ఒకరు ముందు టేపు పట్టుకుని ముళ్ళలోకి దిగి ఉంటారు.

*

చివరి రోజు లేపాక్షి. పేరు అందరికీ తెలుసు కాబట్టి వేలాడే స్తంభం గురించీ, ఒంటిరాతి బసవన్న గురించీ ఎక్కువ చెప్పను. అచ్యుతరాయల కాలంలో, 1530ల్లో, విరూపణ్ణ, వీరన్న అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రుడి గుడి. యునెస్కో తాత్కాలిక జాబితాలో 2022లో చోటు దొరికింది. నేను అమ్మాయిని నాట్యమంటపంలో వెల్లకిలా పడుకోమన్నాను.

కప్పు నిండా బొమ్మలు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, వరసగా నిలబడిన ఆడవాళ్ళు, వాళ్ళ చీరల మీద గళ్ళు, హంసలు, పూలు. రాతి మీద సన్నని సున్నపు పూత, దాని మీద ఎర్రమట్టి, పసుపు మట్టి, మసి నలుపు, ఆకుపచ్చ. అన్నా దల్లాపిక్కోలా, బ్రిగిటె ఖాన్ మజ్లిస్, జార్జ్ మిషెల్ కలిసి 2019లో ఈ గుడి మీద ఒక పుస్తకమే వేశారు. ఆ చీరల అంచులను చదవగలిగిన వస్త్ర నిపుణురాలు అందులో ఉండడం నాకు ఎంతో నచ్చింది. వాళ్ళమ్మ మగ్గం మీద కూర్చునే ఇంటి పిల్ల కాబట్టి మా అమ్మాయి కూడా ఆ అంచులనే ముందు చూసింది.

“ఇక్కడ ఎందుకు పోయింది మేడమ్?” అంది, ఒక మూల తెల్లమరకగా మారిన చోటు చూపించి.

“పైకి చూడు. బొమ్మను కాదు, దాని పైన ఏముందో ఆలోచించు.”

బొమ్మ కింది వైపు, కప్పు పై వైపు. కప్పు బండల అతుకుల్లోంచి దిగిన వాన నీరు సున్నపు పూతను నానబెడుతుంది. పూత ఉబ్బుతుంది, రంగు పొరలుగా రాలుతుంది. ఎంత గొప్ప చిత్రకారుడు కింద కూర్చుని అతికించినా, పైన అతుకు మూయకపోతే మళ్ళీ రాలుతుంది. లేపాక్షి బొమ్మలకు మొదటి వైద్యం కప్పు మీద జరగాలి. తాడిపత్రి పెద్దాయన మిద్దె మీద చౌడు పరచడం, ఇక్కడ కప్పు అతుకులు సున్నంతో నింపడం, రెండూ ఒకే పని. ఒకదాన్ని పురావస్తు సంరక్షణ అంటాం, ఒకదాన్ని తొలకరి పని అంటాం.

అప్పుడు ఆమె చెప్పింది: “గుత్తిలో నీళ్ళు రావాలి. తాడిపత్రి గోడలో పోవాలి. ఇక్కడ అసలు దిగకూడదు. అన్నిచోట్లా ముందు గీయాల్సింది నీళ్ళేనన్నమాట.”

ముప్పయ్యేళ్ళలో నేను ఎన్నో సభల్లో చెప్పలేకపోయిన మాట ఆమె వెల్లకిలా పడుకుని చెప్పింది. నీళ్ళ కోసం మొక్కే నేల ఇది. ఇక్కడి పాత మేస్త్రీలు ప్రతి చుక్కకూ ఒక దారి ఏర్పరిచారు. కొండ మీద దొనకు, దొన నుంచి బావికి, చెరువు నిండితే మరువకు, మిద్దె నుంచి దోనెకు. ఎక్కడ దారి మూసుకుపోయిందో అక్కడ కట్టడం జబ్బుపడింది. ఎక్కడ దారిని చూసుకునే మనిషి పోయాడో అక్కడ ఊరు జబ్బుపడింది. మా వృత్తి ఆ రెండు దారులనూ వెతికి మళ్ళీ తెరవడం.

బయటికి వస్తుంటే ప్రాకారం గోడ వారన ఒక ఆమె నేల ఊడుస్తోంది. గోడ అడుగున నీరు బయటికి పోయే కంత దగ్గర వేపాకు పేరుకుని ఉంది. ఆమె చీపురు పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, చేయి లోపలిదాకా పెట్టి ఆకంతా లాగింది. మబ్బు ఎక్కడా లేదు. వానకు ఇంకా రెండు నెలలుంది.

“ఇప్పుడెందుకక్కా?” అని అడిగింది మా అమ్మాయి.

“వాన చెప్పి రాదు గదమ్మా” అని ఆమె చీపురు అందుకుంది.

అమ్మాయి అట్ట తీసి, ఆ కంతను కొలిచి, గుడి పటంలో దాని చోట ఒక చిన్న బాణం గుర్తు వేసింది, లోపలి నుంచి బయటికి.